తుపాను వస్తోందంటే ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి: ఫోన్ నుంచి ట్రాన్సిస్టర్ దాకా సమగ్ర మార్గదర్శి

1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు వేల మంది ప్రాణాలు పోయాయి. అప్పట్లో చాలా ఊళ్లకు వాతావరణ సమాచారం చేరే దారి రేడియో ఒక్కటే. ఇప్పుడు తుపాను ఏ దారిలో వస్తుందో ఐదు రోజుల ముందే గీసి చూపిస్తున్నారు. ఆ బొమ్మ నేరుగా మన ఫోన్‌లోకే వస్తోంది. అయినా తుపాను రాత్రి చాలా ఇళ్లలో జరిగేది ఇదే. సాయంత్రం దాకా టీవీ ముందు టెన్షన్, వాట్సాప్‌లో ఒకదాని మీద ఒకటి ఫార్వర్డులు. ఎనిమిదింటికి కరెంటు పోతుంది, పదింటికి టవర్ పోతుంది. ఫోన్‌లో పదిహేను శాతం చార్జింగ్ మిగులుతుంది. గాలి మాత్రం అప్పుడే అందుకుంటుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖ లాంటి మహానగరంలోనే కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. పల్లెల సంగతి వేరే చెప్పాలా? అందుకే ఈ మార్గదర్శిని కాలం వరసలో రాస్తున్నాను. కరెంటూ నెట్టూ ఉన్నప్పుడు చేసుకోవాల్సినవి ముందు, అవి పోయాక పనికొచ్చేవి తర్వాత. ఈ రెండో భాగాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, ప్రాణాల మీదికి వచ్చేది మాత్రం అక్కడే.

మొదటి అడుగు: అల్పపీడనం అన్న మాట వినగానే ఫోన్ సిద్ధం చేయండి

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వార్త వచ్చిన రోజే ఈ పని మొదలుపెట్టండి. పట్టేది అరగంట.

ముందుగా ఎమర్జెన్సీ అలర్ట్‌లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. 2023లో దేశమంతటా ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగి, తెరమీద ప్రభుత్వ పరీక్ష సందేశం కనిపించింది గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. టవర్ తన పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి సందేశం విసురుతుంది. దానికి మీ నంబర్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, నెట్‌వర్క్ రద్దీగా ఉన్నా ఆగదు. ఫోన్ సెట్టింగ్స్‌లో పైన ఉండే సెర్చ్ పెట్టెలో ‘ఎమర్జెన్సీ అలర్ట్స్’ అని ఇంగ్లిష్‌లో కొడితే అది దొరుకుతుంది. శబ్దానికి బెదిరి అప్పుడే ఆపేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా తీసుకుని చూడండి.

తర్వాత రెండు యాప్‌లు. ఒకటి జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ వాళ్ల ‘సచేత్’. మీ జిల్లాకు వచ్చే అధికారిక హెచ్చరికలన్నీ ఒకేచోట ఉంటాయి. రెండోది భారత వాతావరణ శాఖ, అంటే ఐఎండీ వాళ్ల ‘మౌసమ్’. వేసవిలో ఈదురుగాలుల కాలానికి ‘దామిని’ కూడా మంచిదే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన ఆ యాప్ దగ్గర్లో పడుతున్న పిడుగుల గురించి చెబుతుంది. పొలం పనులకు వెళ్లే ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ అది ఉండాలి. తుపానుకు మాత్రం మొదటి రెండే ముఖ్యం.

ఇంకో పని: గూగుల్ మ్యాప్స్‌లో మీ మండలం, చుట్టుపక్కల మండలాలు ఆఫ్‌లైన్‌గా దించుకోండి. నెట్ పోయినా జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి మీరెక్కడున్నారో నీలం చుక్క చూపిస్తూనే ఉంటుంది.

నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి. అత్యవసరానికి 112. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్‌కు 1070, 1800 425 0101. జిల్లా కంట్రోల్ రూమ్‌కు 1077. కరెంటుకు 1912. సముద్రంలో ఉన్నవాళ్ల కోసం కోస్ట్ గార్డ్ 1554. వీటి కింద మీ వీఆర్వో, లైన్‌మన్, సచివాలయం, పునరావాస కేంద్రంగా వాడే బడి హెడ్మాస్టర్ నంబర్లు. ఫోన్ ఆగిపోతే అందులో ఉన్న కాంటాక్ట్‌లూ దానితోపాటే పోతాయి, గోడ మీది కాగితం ఉంటుంది.

రెండో అడుగు: బులెటిన్ చదవడం నేర్చుకోండి

పది చానళ్లు చూసే బదులు ఒక్క బులెటిన్ సరిగ్గా చదివితే చాలని గట్టిగా చెబుతాను. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం, అమరావతి వాతావరణ కేంద్రం ఇచ్చేవే మన తీరానికి మూలం. టీవీలో వచ్చేదంతా వాటి నుంచి తీసుకుని మసాలా కలిపిందే.

బులెటిన్‌లో ఒక వాక్యం ఇలా ఉంటుంది (ఇది నమూనా మాత్రమే): “ఈ రోజు ఉదయం 8.30 గంటలకు మచిలీపట్నానికి దక్షిణ ఆగ్నేయంగా 190 కి.మీ. దూరంలో కేంద్రీకృతమై ఉంది. గత ఆరు గంటల్లో గంటకు 15 కి.మీ. వేగంతో ఉత్తర వాయవ్య దిశగా కదిలింది. తీరం దాటే సమయంలో గంటకు 90 నుంచి 100 కి.మీ., అప్పుడప్పుడు 110 కి.మీ. వేగంతో గాలులు వీస్తాయి.”

ముందు సమయం చూడండి. 8.30 అన్నది తుపానును చూసిన సమయం. బులెటిన్ బయటికొచ్చేది ఆ తర్వాత, మీ వాట్సాప్‌కు చేరేది ఇంకెప్పుడో. మధ్యాహ్నం మూడింటికి మీరు ఈ వాక్యం చదువుతుంటే తుపాను అప్పటికే వంద కిలోమీటర్లు దగ్గరికి వచ్చి ఉంటుంది. తుపానుగా మారాక మూడు గంటలకోసారి కొత్త బులెటిన్ వస్తుంది. తీరం దాటే వేళ ఇంకా తరచుగా ఇస్తారు.

ఇందులో వేగాలు రెండున్నాయి. 15 అనేది తుపాను నడక. 90 నుంచి 100 అనేది దాని చుట్టూ తిరిగే గాలి. ‘గంటకు 15 కిలోమీటర్లేనట, ఏమీ కాదులే’ అనే మాట ప్రతి తుపానుకూ రచ్చబండ దగ్గర వినిపిస్తుంది. ఆ మాటన్నవాళ్లకు అప్పటికప్పుడే వివరించి చెప్పండి.

ఇక లెక్క. 190ని 15తో భాగిస్తే పన్నెండున్నర గంటలు, అంటే రాత్రి తొమ్మిది ప్రాంతం. ఇది ఉజ్జాయింపు మాత్రమే. తుపాను వేగం పెంచుకోవచ్చు, తీరం దగ్గర కాసేపు నిలబడిపోవచ్చు. పైగా తొమ్మిదింటికి వచ్చేది దాని కేంద్రం. వానా గాలీ అంతకు చాలా గంటల ముందే మొదలవుతాయి. ఇల్లు వదలాల్సి వస్తే మధ్యాహ్నమే వదలాలి.

కాకినాడ, మచిలీపట్నం లాంటి ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల గురించి కూడా వార్తల్లో చెబుతారు. 1, 2 దూరాన ఉన్న తుపాను గురించి, 3, 4 ఆ రేవుకే గాలివాన ముప్పు గురించి, 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 పెను ప్రమాదం. ఈ చివరి రెండు వరసల్లో, ఒక్కో వరసలోని మూడు అంకెల మధ్య తేడా తీవ్రతలో ఉండదు, తుపాను రేవుకు ఏ పక్క నుంచి దాటుతుందో చెప్పడంలో ఉంటుంది. 9 కంటే 10 భయంకరం అనుకోనక్కర్లేదు. చివరిదైన 11కు అర్థం, హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

పేరు చూసి తూకం వేయకండి

గాలి గంటకు 31 నుంచి 49 కి.మీ. ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. ఈ పేర్లన్నీ గాలిని బట్టి పెట్టినవి. వాన గురించి, వరద గురించి ఇవి ఏమీ చెప్పవు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సగం కాలనీలు నీళ్లలో ఉన్నప్పుడు, ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చినప్పుడు, దానికి కారణమైంది కళింగపట్నం దగ్గర తీరం దాటిన ఒక వాయుగుండం. అది తుపాను కూడా కాదు, దానికి పేరు కూడా పెట్టలేదు. ఆ వరదకే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది.

కాబట్టి బులెటిన్‌లో గాలి పేరాతో ఆగిపోకుండా వాన పేరా కూడా చదవండి. 24 గంటల్లో 7 నుంచి 11 సెంటీమీటర్లు పడితే భారీ వర్షం, 12 నుంచి 20 అతి భారీ, 21 దాటితే అత్యంత భారీ. మీ జిల్లాకు ఇచ్చిన హెచ్చరిక రంగు రెడ్ అయితే ఇక ఎదురు చూసే సమయం కాదు, పని మొదలుపెట్టాల్సిన సమయం.

మూడోది ఉప్పెన. దీని లెక్క హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం కడుతుంది. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని దేశం మొత్తం తీరాన్ని కనిపెట్టుకుని ఉండే సంస్థ అది. ‘సాధారణ పోటు కంటే మీటరు ఎత్తున’ అని బులెటిన్‌లో ఉంటే, అది ఆ వేళకు ఉన్న పోటుకు అదనం. అమావాస్యకో పౌర్ణమికో పోటు ఎక్కువగా ఉన్న గంటలోనే తుపాను దాటితే ఆ రెండూ కలిసిపోతాయి. మన తీరంలో సాధారణంగా తుపాను దాటిన చోటుకు కుడివైపు, అంటే ఉత్తరాన, ఈశాన్యాన ఉన్న ఊళ్లకే ఉప్పెన ముప్పు ఎక్కువ. అక్కడ గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది. ‘మా ఊరికి యాభై కిలోమీటర్ల కింద దాటుతోందట’ అని ఊపిరి పీల్చుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

మూడో అడుగు: దారి బొమ్మ, రాడార్

ఐఎండీ ఇచ్చే దారి బొమ్మలో మధ్యలో ఒక గీత, దాని చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే నీడ ఉంటాయి. ఆ నీడ తుపాను సైజు కాదు. కేంద్రం అందులో ఎక్కడైనా వెళ్లవచ్చని అర్థం. మీ ఊరు ఆ నీడలో ఉంటే గీత మీద ఉన్నట్టే సిద్ధపడాలి. నీడ బయట ఉన్నంత మాత్రాన వాన రాదనీ కాదు.

విండీ లాంటి యాప్‌లు చూడటం చాలామందికి ఇప్పుడు అలవాటు. చూడండి, తప్పు లేదు. అయితే అందులో కనిపించేది ఒక కంప్యూటర్ మోడల్ అంచనా. యూరప్ మోడల్ ఒంగోలు అంటే అమెరికా మోడల్ ఒడిశాలోని గోపాలపూర్ అనొచ్చు. రెండూ ఒకే మాట చెబుతుంటే నమ్మకం పెంచుకోవచ్చు. పది రోజుల తర్వాతి స్క్రీన్‌షాట్ చూపించి ‘మహా తుపాను’ అని యూట్యూబ్‌లో అరిచేవాళ్లను మాత్రం వదిలేయండి. ఐఎండీ కూడా దారిని ఐదు రోజులకు మించి గీయదు.

తుపాను తీరానికి దగ్గరయ్యాక నాకు అన్నిటికన్నా నమ్మకమైనది రాడార్. విశాఖ, మచిలీపట్నం, శ్రీహరికోట, చెన్నైలలో డాప్లర్ రాడార్లున్నాయి. వాటి చిత్రాలు ఐఎండీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఒక్క బొమ్మ చూస్తే పెద్దగా తెలియదు. వరసగా నాలుగైదు చూస్తే వాన పట్టీలు ఎటు తిరుగుతున్నాయో, మీ మీదికి ఎంతసేపట్లో వస్తాయో కంటికే తెలుస్తుంది. ఎరుపు, ముదురు రంగులు కుండపోతకు గుర్తు. బొమ్మ మీద సమయం పక్కన యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. 0600 అంటే మనకు పగలు పదకొండున్నర.

నాలుగో అడుగు: చార్జింగ్ లెక్క

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండుసార్లు నింపుతుందని అనుకుంటాం. మార్పిడిలో పోయేది పోగా ఒకటింపావు సార్లు వస్తే గొప్ప. ఇంటికి ఒకటి సరిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది. ల్యాప్‌టాప్ నిండా చార్జ్ చేసి మూసి పెట్టండి, అది కూడా పవర్ బ్యాంకే. కారులో చార్జ్ చేసుకోవచ్చు గానీ, తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి కూర్చోవద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఇన్వర్టర్ ఉంటే ఫ్యాన్లు ఆపి వైఫై రౌటర్‌కు ఉంచండి. ఫైబర్ ఆపరేటర్ వైపు కరెంటు ఉన్నంతసేపూ నెట్ వస్తుంది.

సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు టవర్ కోసం వెతుక్కుంటూ ఫోన్ ఊరికే కూర్చున్నా చార్జింగ్ తాగేస్తుంది. అందుకని ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఒక్కటి ఆన్‌లో ఉంచి మిగతావి పూర్తిగా ఆపేయండి. ఆ ఒక్కదానికే హెచ్చరికలు వస్తాయి, ఎవరైనా పిలిస్తే అదే మోగుతుంది. అన్నిటినీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టొద్దు, సెల్ బ్రాడ్‌కాస్ట్ కూడా రాదు.

బీరువాలో పడేసిన పాత కీప్యాడ్ ఫోన్ ఉంటే ఇప్పుడు బయటికి తీయండి. రోజుల తరబడి చార్జింగ్, టార్చిలైటు, చాలావాటిలో ఎఫ్ఎం రేడియో. తుపాను రాత్రికి ఇంట్లో అంతకు మించిన వస్తువు లేదు. 2జీ ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లలో ఒకటి వేసి ఒక కాల్ చేసి చూసుకోండి.

ఐదో అడుగు: నెట్ పోయాక

మొదట కాల్స్ మానేసి ఎస్ఎంఎస్‌కు రండి. వాట్సాప్ తిరుగుతూనే ఉన్న చోట కూడా ఎస్ఎంఎస్ ఒక్క గీత సిగ్నల్ దొరికిన క్షణంలో వెళ్లిపోతుంది. సందేశంలో నాలుగు విషయాలుంటే చాలు:

“నాన్నా, హైస్కూల్లో ఉన్నాం. నేనూ అమ్మా మామ్మా క్షేమం. ఫోన్ 40 శాతం. మళ్లీ పొద్దున 6కి మెసేజ్ పెడతా.”

ఎక్కడ, ఎవరెవరు, చార్జింగ్ ఎంత, మళ్లీ ఎప్పుడు. ఆ చివరిది ఉంటే అవతలివాళ్లు రాత్రంతా ఫోన్ చేసి మీ బ్యాటరీ ఖాళీ చేయరు.

మీ కంపెనీ టవర్ పోయి పక్క కంపెనీది పనిచేస్తుంటే, విపత్తుల సమయంలో టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్‌కు అనుమతిస్తుంది. అంటే ఏ సిమ్ అయినా ఏ టవర్‌నైనా పట్టుకోవచ్చు. దానంతట అది పట్టుకోకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘ఆటోమేటిక్’ తీసేసి, కనిపించే పేర్లు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా చుట్టూ ఏ నెట్‌వర్క్ ఉన్నా దాని మీదుగా 112కు కాల్ వెళ్తుంది, అది కూడా ప్రయత్నించండి. సాయం అడగాల్సి వస్తే మ్యాప్‌లో నీలం చుక్కను నొక్కి పట్టుకోండి. వచ్చే అంకెలను ఎస్ఎంఎస్‌లో పంపితే పడవవాళ్లు మీ డాబా దగ్గరికే రాగలరు.

ఇక రేడియో. బ్యాటరీలతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్ కొనండి. వాన మొదలవ్వక ముందే విజయవాడ, విశాఖ కేంద్రాల్లో ఏది బాగా వస్తుందో వెతికి, డయల్ మీద ఆ చోట మార్కర్‌తో గీత గీయండి, చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. స్మార్ట్‌ఫోన్‌లో ఎఫ్ఎం ఉంటే వైరు ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టాలి, ఆ వైరే యాంటెన్నా. ఇంటర్నెట్ ద్వారా పాడే రేడియో యాప్‌లను దీనితో పొరబడకండి.

ఇవేవీ లేనప్పుడు గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, సచివాలయం ఆటో దండోరా. సైక్లోన్ షెల్టర్‌కు నడిచి వెళ్లే దారిలో ఎవరి ఇంట్లో రేడియో ఉందో తెలిసుండటం కూడా సమాచార వ్యవస్థే.

ఒక్క ఘట్టం ప్రత్యేకంగా చెప్పాలి. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మీ ఊరి మీదుగా వెళ్తే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. హుద్‌హుద్ అప్పుడు విశాఖలో అదే జరిగింది. జనం తుపాను అయిపోయిందనుకుని బయటికి వచ్చేది ఈ వేళలోనే. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే బలంతో కొడుతుంది, సగం విరిగిన చెట్లు, వదులైన రేకులు పడేది అప్పుడే. గాలి ఆగితే తలుపు తీయకుండా రేడియో పెట్టండి. ‘తీరం దాటింది, బలహీనపడుతోంది’ అన్న మాట వినేదాకా లోపలే ఉండండి.

ఫార్వర్డుల గురించి

తేదీ, సమయం, ఏ కేంద్రం ఇచ్చిందో పేరు, ఈ మూడూ లేని సందేశాన్ని ముందుకు పంపకండి. వీడియోలో ఎగిరిపోయే రేకులు ఏ దేశానివో, ఏ ఏటివో తెలియదు. బోర్డుల మీద భాష చూడండి. డ్యామ్ తెగిందన్న మాట వస్తే ముందు కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేయండి. అలాంటి పుకారుకు జనం చీకట్లో పరుగెత్తితే దెబ్బలు తగిలేది ముసలివాళ్లకు, పిల్లలకు.

దూరాన ఉన్న పిల్లలకు

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి పదే పదే ఫోన్ చేస్తే అమ్మానాన్నల బ్యాటరీ పోతుంది, ధైర్యమూ పోతుంది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కలిసి ఒకరినే ఫోన్ చేయడానికి పెట్టుకోండి. మీ దగ్గర కరెంటూ నెట్టూ ఉన్నాయి కదా, కాబట్టి చదివే పని మీరు తీసుకోండి. బులెటిన్, రాడార్ చూసి రెండు లైన్లు పంపండి: “అమ్మా, సాయంత్రం 5.30 బులెటిన్. మచిలీపట్నానికి 60 కి.మీ. ఇంకో నాలుగైదు గంటల్లో తీరం దాటొచ్చు, గాలి ఆ తర్వాత కూడా ఉంటుంది. బయటికి రావద్దు.” విదేశాల నుంచి ఎస్ఎంఎస్ వెళ్తుందన్న నమ్మకం లేకపోతే మన దేశంలో ఉన్న బంధువు ద్వారా పంపించండి.

తీరం దాటిన తర్వాత

చాలామంది ఇక్కడ ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఏజెన్సీలో, తెలంగాణలో పడిన వాన కిందికి దిగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కేంద్ర జల సంఘం వాళ్ల ‘ఫ్లడ్‌వాచ్ ఇండియా’ యాప్‌లో మీకు ఎగువన నది నీటిమట్టం కొలిచే గేజ్ స్టేషన్ ఒకటి ఎంచుకుని దాన్నే చూడండి. గోదావరి వాళ్లకు భద్రాచలం కొలమానం. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. భద్రాచలంలో పెరిగిన నీరు కోనసీమ లంకలకు వచ్చేలోపు సామాను, పశువులు గట్టెక్కించుకునే సమయం దొరుకుతుంది. కృష్ణా లంకల వాళ్లు ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలే క్యూసెక్కులు చూడాలి.

తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా 1912కు చెప్పండి. పొలానికి వెళ్లినప్పుడు ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు తీయండి. గట్టు, పక్క పొలం కనిపించేలా దూరం నుంచి ఒకటి, తడిసిన పనలు తెలిసేలా దగ్గర నుంచి ఒకటి. ఫసల్ బీమా ఉన్నవాళ్లు కోసి ఆరబెట్టిన పంట తడిస్తే 72 గంటల్లోగా తెలియజేయాలి, దాని నంబర్ 14447. నెట్ రాలేదని ఆగకుండా ముందు రైతు సేవా కేంద్రంలో కాగితం మీద రాసిచ్చి, ఇచ్చిన తేదీ వేయించుకోండి.